క్యాన్సర్ చికిత్సలో ఉండగా కాలిలో క్లాట్: ఇంజెక్షన్ మానేసి మాత్ర వాడొచ్చా, ఎన్నాళ్లు వాడాలి?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 56 ఏళ్లు, అండాశయ క్యాన్సర్. రెండు కీమోలు అయ్యాయి, మూడోది అయ్యాక ఆపరేషన్ అన్నారు. ఈలోగా ఎడమ కాలు తొడ దాకా వాచింది, డాప్లర్ స్కాన్ తీస్తే క్లాట్ (సిరలో రక్తం గడ్డకట్టడం) అని తేలింది. పది రోజులుగా ఉదయం, సాయంత్రం పొట్టకు ఎనాక్సపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఇంజెక్షన్లు పడుతున్నాయి. పొట్టంతా కమిలిపోయి ఆవిడ ఇక నా వల్ల కాదంటున్నారు. మాత్రకు మారొచ్చా, ఎన్నాళ్లు వాడాలి, మందుల షాపతను అన్నట్టు ఆస్పిరిన్ సరిపోదా అని.

నేను మెడికల్ ఆంకాలజిస్టును. మా ఓపీలో ఇలాంటి కేసు చూడని వారం దాదాపు ఉండదు. కాబట్టి ముందు జవాబు చెప్పేసి, కారణాలు తర్వాత చెప్తాను.

మాత్రకు మారొచ్చు. మీరు రాసిన వివరాలను బట్టి అమ్మగారు అందుకు తగిన పేషెంటే. కాకపోతే వాంతులు అదుపులో ఉండాలి, కిడ్నీ, లివర్ రిపోర్టులు, ప్లేట్‌లెట్లు ఫర్వాలేదనిపించాలి. ఎన్నాళ్లంటే కనీసం ఆరు నెలలు, ఆ తర్వాత కూడా క్యాన్సర్ గానీ చికిత్స గానీ కొనసాగుతున్నంత కాలం. ఆస్పిరిన్ చాలదు. అది ప్లేట్‌లెట్ల మీద పనిచేసే మందు, గుండె రక్తనాళాల్లో దాని ఉపయోగం వేరు. కాలి సిరలో ఏర్పడిన క్లాట్‌కు దాన్ని బదులుగా వాడం. ఎనాక్సపారిన్ ఆపేసి ఆస్పిరిన్ మొదలుపెట్టడం అంటే వైద్యం ఆపేయడమే.

ఇక వివరాలు.

క్యాన్సర్‌కూ క్లాట్‌కూ ఉన్న లంకె కొత్తగా కనిపెట్టింది కాదు. పారిస్‌లో త్రూసో అనే వైద్యుడు 1865లోనే దీని గురించి పాఠం చెప్పాడు. రెండేళ్లు తిరక్కముందే తన సిరల్లోనే క్లాట్ చూసుకుని, తనకు క్యాన్సర్ ఉందని తనే గుర్తుపట్టాడు. 1867లో పొట్ట క్యాన్సర్‌తోనే పోయాడు. ట్యూమర్ కణాలు రక్తం గడ్డకట్టే వ్యవస్థను నేరుగా రెచ్చగొట్టే పదార్థాలు వదులుతాయి. దానికి కీమో, మంచాన పడి ఉండటం, ఆపరేషన్లు, పోర్ట్ లాంటి గొట్టాలు తోడవుతాయి. అండాశయ క్యాన్సర్‌లో ఇంకో సంగతి ఉంది: పొత్తికడుపులో పెరిగిన గడ్డ కాళ్ల నుంచి వచ్చే సిరలను నొక్కుతుంది. అసలే ఎడమ కాలి సిర పైకి వెళ్లే దారిలో కుడి కాలికి వెళ్లే ధమని కింద ఇరుక్కుని ఉంటుంది. ఎడమ కాలే ఎక్కువగా వాచడానికి ఇది ఒక ముఖ్య కారణం. కాబట్టి "కూర్చోబెట్టి ఉంచాం, అందుకే వచ్చిందేమో" అని ఇంట్లో ఒకరినొకరు అనుకోకండి.

మీ డాక్టర్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. మేం చదువుకునే రోజుల్లో ఎవరికైనా వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ (రక్తం గడ్డకట్టకుండా వాడే పాత మాత్రలు) ఇచ్చి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పరీక్ష) చూస్తూ డోసు సర్దేవాళ్లం. క్యాన్సర్ వాళ్లలో అది సరిగ్గా కుదరదు. ఒక వారం తిండి సహించదు, ఇంకో వారం యాంటీబయాటిక్, మరో వారం కీమో. ఐఎన్ఆర్ ఎప్పుడూ ఒకచోట నిలవదు. 2003లో వచ్చిన క్లాట్ అనే అధ్యయనంలో 676 మంది క్యాన్సర్ పేషెంట్లను రెండు భాగాలు చేసి, సగం మందికి డాల్టెపారిన్ ఇంజెక్షన్ (ఎనాక్సపారిన్‌కు దగ్గరి బంధువే), మిగతా సగం మందికి వార్ఫరిన్ తరహా మాత్ర ఇచ్చారు. ఆరు నెలల్లో మళ్లీ క్లాట్ వచ్చినవాళ్లు మాత్ర గుంపులో సుమారు 17 శాతం, ఇంజెక్షన్ గుంపులో 9 శాతం. బ్లీడింగ్‌లో మాత్రం పెద్ద తేడా లేదు. అప్పటి నుంచి క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇంజెక్షనే మొదటి ఎంపిక అయింది. చాలా ఏళ్లు అలాగే నడిచింది.

మీరు విన్న "కొత్త మాత్రలు" అపిక్సాబాన్, రివరోక్సాబాన్, ఎడోక్సాబాన్. వీటికి ఐఎన్ఆర్ చూడక్కర్లేదు. గోంగూర, తోటకూర, పాలకూర మానాల్సిన పనీ లేదు, ఆ జాగ్రత్తంతా వార్ఫరిన్, అసిట్రోమ్‌లకే. క్యాన్సర్ పేషెంట్లలో వీటిని ఇంజెక్షన్‌తో పోల్చిన పెద్ద అధ్యయనాలు 2018 నుంచి వచ్చాయి. ఎడోక్సాబాన్‌తో మళ్లీ క్లాట్ రావడం తగ్గింది (7.9 శాతం, ఇంజెక్షన్‌తో 11.3), కానీ పెద్ద బ్లీడింగ్‌లు పెరిగాయి (6.9 శాతం, ఇంజెక్షన్‌తో 4). ఆ పెరిగిన బ్లీడింగ్ ఎక్కువగా జీర్ణాశయం, పేగుల క్యాన్సర్ ఉన్నవాళ్లలోనే. రివరోక్సాబాన్‌తోనూ దాదాపు ఇదే కథ, ఆ అధ్యయనంలో అన్నవాహిక క్యాన్సర్ వాళ్లను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. 2020లో వచ్చిన కరవాజియో అధ్యయనంలో అపిక్సాబాన్‌ను పరీక్షించారు. 1155 మందిలో మళ్లీ క్లాట్ 5.6 శాతం, ఇంజెక్షన్‌తో 7.9. పెద్ద బ్లీడింగ్ 3.8, ఇంజెక్షన్‌తో 4.0. అంటే రక్షణ ఇంజెక్షన్‌కు తగ్గలేదు, బ్లీడింగ్ పెరగలేదు. నేను మాత్రకు మార్చేటప్పుడు ఎక్కువగా అపిక్సాబాన్ వైపు మొగ్గడానికి ఇదే కారణం. ఇది నా మొగ్గు. మీ డాక్టర్ రివరోక్సాబాన్ రాస్తే తప్పని కాదు, కాకపోతే దాన్ని ఖాళీ కడుపున కాకుండా భోజనంతో వేసుకోవాలి.

అయితే మాత్ర అందరికీ కాదు. ఎవరికి నేను ఇంజెక్షనే ఉంచుతానంటే:

పొట్ట, అన్నవాహిక, పెద్దపేగు ట్యూమర్ ఇంకా తీయకుండా లోపలే ఉన్నవాళ్లకు. ట్యూమర్ పైపొర పుండులా ఉంటుంది, మాత్ర వెళ్లేది కూడా ఆ దారినే. పొట్ట క్యాన్సర్ ఉన్న ఒక పెద్దాయన మరో చోట మాత్రకు మారి, నల్లటి విరేచనాలతో మా దగ్గరికి వచ్చారు. హిమోగ్లోబిన్ సగానికి పడిపోయింది. రక్తం ఎక్కించి, కొన్నాళ్లు మందు ఆపి, తర్వాత తక్కువ డోసు ఇంజెక్షన్‌తో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. మూత్రాశయం నుంచి రక్తం పోతున్నవాళ్లు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో యోని నుంచి రక్తస్రావం అవుతున్నవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు.

వాంతులు ఆగనివాళ్లకు, పేగు మూసుకుపోయే లక్షణాలున్నవాళ్లకు. అండాశయ క్యాన్సర్‌లో ఇది చూసుకోవాల్సిన విషయం. కడుపు ఉబ్బరించి, తిన్నది తిన్నట్టు బయటికి వచ్చే రోజుల్లో మాత్ర ఒంటికి పట్టిందో లేదో ఎవరికీ తెలియదు. కీమో అయిన రెండు మూడు రోజులు ఆవిడ పరిస్థితి ఎలా ఉందో డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి.

కొన్ని మందులు వాడుతున్నవాళ్లకు. మన దగ్గర దీన్ని ఎక్కువగా మర్చిపోతారు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ లేదా కార్బమజెపిన్ వాడుతుంటే ఈ మాత్రల బలం రక్తంలో బాగా పడిపోతుంది. లింఫోమాతో (లింఫు గ్రంథుల క్యాన్సర్) పాటు టీబీ కూడా ఉన్న ఒకావిడకు మాత్ర రోజూ తప్పకుండా వేసుకుంటున్నా రెండో కాలూ వాచింది. ఫైలు తిరగేస్తే టీబీ మందుల చీటీ వేరే ఆస్పత్రిది, అది ఫైల్లో పెట్టనే లేదు. ఇంజెక్షన్‌కు మార్చాక కుదుటపడింది. దీనికి వ్యతిరేకంగా, ఇట్రాకొనజోల్, పోసకొనజోల్ లాంటి ఫంగస్ మందులు మాత్ర బలాన్ని పెంచి బ్లీడింగ్ తెస్తాయి.

కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ఇంజెక్షన్ డోసు కూడా తగ్గించాలి. మెదడులో క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఏది ఇవ్వాలన్నా కేసును బట్టి కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

మీ అమ్మగారికి ఇవేవీ లేవనుకుంటే, మార్చే పద్ధతి తేలిక. తర్వాతి ఇంజెక్షన్ పడాల్సిన సమయానికి ఇంజెక్షన్ బదులు మాత్ర వేసుకోవాలి. అపిక్సాబాన్‌ను మొదటి నుంచీ మాత్రగానే మొదలుపెడితే వారం పాటు 10 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, తర్వాత 5 మిల్లీగ్రాములు రెండుసార్లు. అమ్మగారికి ఇప్పటికే పది రోజులు ఇంజెక్షన్ పడింది కాబట్టి చాలామంది డాక్టర్లు నేరుగా 5తో మొదలుపెడతారు. ఆ నిర్ణయం మీ డాక్టర్‌కే వదిలేయండి. మాత్ర మొదలైన క్షణం నుంచి ఇంజెక్షన్ ఉండకూడదు. ఫ్రిజ్ మీద మిగిలిన సిరంజీలు వృథా అవుతాయని రెండూ కలిపి వాడి బ్లీడింగ్ తెచ్చుకున్నవాళ్లను చూశాను.

డబ్బు సంగతి మీరు అడగలేదు, కానీ మనసులో ఉండే ఉంటుంది. రోజుకు రెండు ఇంజెక్షన్లంటే నెలకు వేలల్లో ఖర్చు. అపిక్సాబాన్, రివరోక్సాబాన్‌లకు జెనరిక్‌లు వచ్చాక మాత్రల ఖర్చు దాంతో పోలిస్తే చాలా తక్కువ. ఆరోగ్యశ్రీలో ఉంటే ఇంటికిచ్చే మందుల్లో ఇది వస్తుందో లేదో మీ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను నేరుగా అడగండి. ఖర్చు భరించలేక రెండు పూటల ఇంజెక్షన్‌ను మీకు మీరే ఒక పూటకు తగ్గించుకోవడం మాత్రం చేయకండి. డాక్టర్‌తో ఆ మాట చెప్తే మార్గం ఉంటుంది, చెప్పకపోతే డోసు సరిగ్గా పడుతోందనే ఆయన అనుకుంటాడు.

మారేదాకా ఇంజెక్షన్లు తప్పవు కాబట్టి, కమలడం తగ్గడానికి కొన్ని చిట్కాలు. బొడ్డుకు రెండు అంగుళాల అవతల, ఒక పూట కుడి వైపు, ఒక పూట ఎడమ వైపు వేయండి. చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టుకుని, సూదిని నిలువుగా పూర్తిగా దించి, మందు నెమ్మదిగా ఎక్కించి, సూది తీశాకే మడత వదలాలి. సిరంజిలోని మందంతా వేయాల్సినప్పుడు అందులోని చిన్న గాలి బుడగను బయటికి తీయొద్దు. వేశాక రుద్దకండి. సగం నల్లమచ్చలు రుద్దడం వల్ల వచ్చేవే. చిన్న చిన్న కమిలిన మచ్చలు మామూలే. అరచేయంత గట్టి వాపు వస్తే మాత్రం చూపించండి.

ఇక ఎక్కువ మంది పొరబడే చోటికి వద్దాం. ఈ మందులు క్లాట్‌ను కరిగించవు. కొత్తది పెరగకుండా, ఉన్నది ఊపిరితిత్తులకు పాకకుండా ఆపుతాయి. కరిగించే పని శరీరమే మెల్లగా చేసుకుంటుంది, కొందరిలో పూర్తిగా చేయదు కూడా. అందుకే మూడు నెలల తర్వాత డాప్లర్‌లో "పాత క్లాట్ కొంత ఉంది" అని వస్తే మందు పనిచేయలేదని కాదు. అలాగే రెండు వారాలకే వాపు తగ్గిందంటే జబ్బు పోయిందని కాదు. వాపు తగ్గగానే మానేసి, కొన్ని వారాలకు ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. వాళ్లలో కొందరికి క్లాట్ ఊపిరితిత్తుల్లోకి పాకి ఉంటుంది.

ఆరు నెలల తర్వాత సంగతేంటి? క్యాన్సర్ పూర్తిగా పోయి, చికిత్స ముగిసి, నడుస్తూ తిరుగుతూ ఉంటే ఆపడం గురించి మాట్లాడుకోవచ్చు. ఇంకా కీమో నడుస్తున్నా, జబ్బు మిగిలి ఉన్నా కొనసాగించాలి. ఈ దశలో డోసు తగ్గించే వీలుందని 2025లో వచ్చిన ఎపీఐ-క్యాట్ అధ్యయనం చూపించింది. కనీసం ఆరు నెలలు మందు వాడిన, క్యాన్సర్ ఇంకా ఉన్న 1766 మందిలో అపిక్సాబాన్ 2.5 మిల్లీగ్రాముల డోసును 5 డోసుతో పోల్చారు. ఏడాదిలో మళ్లీ క్లాట్ 2.1 శాతం, పూర్తి డోసుతో 2.8. పట్టించుకోవాల్సిన బ్లీడింగ్ 12.1, పూర్తి డోసుతో 15.6. కాబట్టి ఏళ్ల తరబడి పూర్తి డోసు మింగాలేమో అన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ ఇది ఆరు నెలలు దాటాక మాత్రమే. ఇప్పుడే సగం డోసు వాడతానంటే కుదరదు.

మీ అమ్మగారికి నిజంగా తలనొప్పి తెచ్చేవి ముందున్న రెండు ఘట్టాలు: ప్లేట్‌లెట్లు, ఆపరేషన్.

అండాశయ క్యాన్సర్‌కు సాధారణంగా ఇచ్చే కీమోలో కార్బోప్లాటిన్ ఉంటుంది. అది ప్లేట్‌లెట్లను పడేస్తుంది, రెండు మూడు వారాల మధ్య బాగా తగ్గే అవకాశం ఉంది. 50 వేల పైన ఉంటే పూర్తి డోసు. 25 నుంచి 50 వేల మధ్య అయితే సాధారణంగా ఇంజెక్షన్‌కు మార్చి డోసు సగానికో, ఇంకా తక్కువకో తగ్గిస్తాం. 25 వేల కింద పడితే తాత్కాలికంగా ఆపుతాం. క్లాట్ వచ్చిన మొదటి నెలలో ఆపడం ప్రమాదం కాబట్టి, ఆ సమయంలో ప్లేట్‌లెట్లు ఎక్కించి మరీ మందు కొనసాగించే సందర్భాలూ ఉంటాయి. ఇంకో మాట: ఇంజెక్షన్ మొదలైన ఐదు నుంచి పది రోజుల్లో ప్లేట్‌లెట్లు ఒక్కసారిగా సగానికి పడితే అది కీమో వల్ల కాకుండా హెపారిన్‌కు (ఎనాక్సపారిన్ ఆ కుటుంబపు మందే) వచ్చే అరుదైన రియాక్షన్ కావచ్చు. అమ్మగారు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు, కాబట్టి ఈ వారంలో ఒక రక్తపరీక్ష చేయించండి.

ఆపరేషన్ విషయానికొస్తే, క్లాట్ వచ్చిన మొదటి నెలలో పెద్ద ఆపరేషన్ లేకుండా చూసుకుంటాం. మీరు చెప్పిన క్రమంలో మూడో కీమో, ఆ తర్వాత కొన్ని వారాల విరామం కలిపితే నెల దాటుతుంది, కాబట్టి కంగారు లేదు. మాత్ర అయితే ఇంత పెద్ద ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆపుతారు, ఇంజెక్షన్ అయితే చివరి డోసుకూ ఆపరేషన్‌కూ మధ్య 24 గంటలు ఉంచుతారు. నడుముకు మత్తు ఇస్తారేమో కాబట్టి మత్తు డాక్టర్‌కు ఆఖరి డోసు ఎప్పుడు వేసుకున్నారో తేదీ, టైముతో సహా చెప్పాలి. ఆపరేషన్ తర్వాత మొదట తక్కువ డోసు ఇంజెక్షన్, రక్తస్రావం లేదని తేలాక పూర్తి డోసు. కాబట్టి ఇప్పుడు మాత్రకు మారినా, ఆపరేషన్ చుట్టూ కొన్నాళ్లు ఇంజెక్షన్లు తప్పవని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే "మళ్లీ సూదులా" అని ఆవిడ బెంగపడతారు.

పెద్ద సిరలో జల్లెడలా పెట్టే ఫిల్టర్ గురించి ఎవరో చెప్పారని రాశారు. మందు ఏ రూపంలోనూ ఇవ్వలేని పరిస్థితిలో, అదీ క్లాట్ కొత్తగా ఉన్నప్పుడు మాత్రమే దాని అవసరం. అమ్మగారికి ఇప్పుడు అక్కర్లేదు.

ఇంట్లో పాటించాల్సినవి కొన్ని. వాచిన కాలికి నూనె పెట్టి గట్టిగా మర్దన చేయొద్దు. నడవొచ్చు, నడవాలి కూడా, మంచానికే కట్టేయకండి. జ్వరమొచ్చిందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి ఇంజెక్షన్ వేయించొద్దు, లోపల రక్తం గూడుకడుతుంది. పైగా కీమోలో జ్వరమంటే నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ వాడొచ్చు, అయితే కీమో రోజుల్లో వేసే ముందు టెంపరేచర్ చూడండి, లేకపోతే జ్వరం కనపడకుండా పోతుంది. కూరల్లో పసుపు, వెల్లుల్లి మామూలుగానే తినొచ్చు, క్యాప్సూళ్ల రూపంలో అమ్మే కర్క్యుమిన్ లాంటివి మాత్రం మానేయండి. పన్ను పీకించాలన్నా, కడుపులో నీరు తీయించాలన్నా ముందే మందు సంగతి చెప్పండి. కడుపులో నీరు పెరిగినా తీసినా బరువు మారుతుంది, ఎనాక్సపారిన్ డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ప్రతి విజిట్‌లోనూ బరువు చూడమని అడగండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి: హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, దగ్గులో రక్తం, తారులా నల్లటి విరేచనం, తీవ్రమైన తలనొప్పితో వాంతులు, తలకు దెబ్బ తగలడం, పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టినా ఆగని రక్తం. మందు వాడుతుండగానే కాలు మళ్లీ వాస్తే కూడా వెళ్లండి. అప్పుడు మాత్ర అయితే ఇంజెక్షన్‌కు, ఇంజెక్షన్ అయితే డోసు పెంచడానికి దారులున్నాయి.

రేపు డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు తాజా ప్లేట్‌లెట్ లెక్క, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ రిపోర్టు, ఈ రోజు బరువు, వాడుతున్న మందులన్నిటి పేర్లు (బీపీ, షుగర్, ఆయుర్వేదం, అన్నీ) ఒకే కాగితం మీద రాసుకుని వెళ్లండి. క్లాట్ కనిపించిన తేదీని ఫైలు మొదటి పేజీ మీద పెద్దగా రాయండి, సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ముందు అడిగేది అదే. ఆ రిపోర్టులు ఇక్కడ పెడితే నేనూ చూస్తాను, పేరు, ఫోన్ నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.